పోలికార్పో చూపించిన దారి

తోబాకా కొండ మీదున్న నలభై ఇళ్ళకీ నీళ్ళు వదిలే అధికారం ముప్పై ఒక్క ఏళ్ళుగా డోన్ పోలికార్పో ఫాగ్వా చేతిలో ఉంది. అధికారం అంటే మీటరు పొడవు ఇనప కడ్డీ. దాని కొస వాల్వులో పెట్టి తిప్పితే నీళ్ళు వస్తాయి, వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. లోకంలో రాజులూ మఠాధిపతులూ చాలా రకాల దండాలు పట్టుకుని ఊరేగారు గానీ, వాటిలో ఏదీ తెల్లవారుజామున ఐదింటికి నలభై వంటిళ్ళని ఇంతలా కట్టిపడేసి ఉండదు.

వైద్యుడికి నాడి ఎలాగో పోలికార్పోకి అనుమానం అలాగ. పైపుకి చెవి ఆనించి వింటాడు. ధార కొంచెం సన్నబడితే చాలు, ఎవరి ఉల్లిమడి మిగతావాటికంటే పచ్చగా ఉందో చూడ్డానికి బయల్దేరతాడు. వర్షం బాగా పడిన ఏడాది కూడా, ఇంత వర్షం ఊరికే ఎందుకు పడుతుందని ఒక వారం దిగులుపడ్డాడు. రువానా అనే ఉన్ని దుప్పటి భుజాల మీంచి మోకాళ్ళ దాకా కప్పుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని ఆయన పైపు వెంట నడుస్తుంటే కుక్కలు కూడా తాము ఏం తప్పు చేశామో గుర్తు తెచ్చుకునేవి.

ఈ విద్య ఆయనకి పంతొమ్మిదో ఏట అబ్బింది. బొయాకా కొండల్లో ప్రతి ఇంటికీ ఛాంపియన్ కాబోయి కాకుండా పోయిన సైకిలు వీరుడు ఒకడుంటాడు. ఫాగ్వాల ఇంటికి ఆ వీరుడు పోలికార్పోయే. జిల్లా పందెంలో మూడో స్థానంలో దూసుకుపోతూ ఉండగా ముందు చక్రం ఊడి తన దారిన తను వెళ్ళిపోయింది. చక్రం కందకంలోకి, పోలికార్పో బంగాళాదుంపల చేలోకి. క్రితం రోజు ఆ చక్రానికి నట్టు బిగించిన వాడు స్నేహితుడు నెమేసియో. పందెంలో తొమ్మిదో వాడిగా వచ్చిన వాడూ నెమేసియోయే. రుజువు లేదు. అందుకని పోలికార్పో అతన్ని తన కూతురికి జ్ఞానపితగా పెట్టుకుని కొంపాద్రె అని పిలవడం మొదలుపెట్టాడు. అనుమానితుణ్ణి దగ్గరి చుట్టంగా చేసుకుంటే కళ్ళెదుటే ఉంటాడని ఆయన లెక్క. నెమేసియో మాత్రం పెళ్ళి చేసుకుని ముసలిదాని గట్టు మీద, ఎవరూ పోని ఎత్తున, కాపురం పెట్టాడు. అదీ అనుమానించాల్సిన సంగతే.

ఇక అసలు కథకి కారణం తెల్ల టోపీలు. పన్నెండేళ్ళ కిందట పక్క లోయలోకి తెల్ల హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు మూడు కాళ్ళ యంత్రంతో వచ్చారు. ‘ఊరికే చూసిపోదామని’ అన్నారు. వాళ్ళకి ఆ లోయవాళ్ళు వేడి బెల్లం నీళ్ళిచ్చారు, మొక్కజొన్న రొట్టెలిచ్చారు, ఊట ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు. రెండేళ్ళకి అక్కడ గని వచ్చింది. నాలుగేళ్ళకి ఊట పోయింది. ఇప్పుడా లోయకి వారానికి రెండుసార్లు లారీలో నీళ్ళొస్తాయి. ఆ రోజు నుంచి తోబాకాలో ఒక కట్టడి పుట్టింది. దాన్ని ఎవరూ రాయలేదు, తీర్మానం చెయ్యలేదు. కొత్తవాళ్ళ ముందు ఊట అనే మాట నోట రాకూడదు, అంతే.

తోబాకాలో దారి మూడు బండల దగ్గర చీలుతుంది. కుడివైపు బాట ఊట పక్క నుంచి దిగి నలభై నిమిషాల్లో సురాకా పట్నం చేరుతుంది. ఎడమవైపు బాట ఒకప్పుడు ఉప్పు మోసే కంచర గాడిదలు నడిచింది. కంకర, బురద, మళ్ళీ కంకర, మూడు వాగులు, మధ్యలో ముసలిదాని గట్టు. సాయంత్రానికి అదీ సురాకాకే చేరుతుంది, చేరేవాడిలో అప్పటికి ఊపిరుంటే.

ఐదేళ్ళ కిందట ఆగస్టులో, గాలుల నెలలో, ఒక ఆదివారం పొద్దున్న పోలికార్పో మూడు బండల మీద కూర్చుని బూటులో దూరిన రాయి తీసుకుంటున్నాడు. కింది నుంచి మూడు సైకిళ్ళు ఎక్కొచ్చాయి. హ్యాండిళ్ళు చూస్తే పందెం సైకిళ్ళు, టైర్లు చూస్తే కావు. ముందున్న ఆవిడకి ముప్పై ఐదేళ్ళుంటాయి. ఆవిడ నెత్తిన తెల్ల హెల్మెట్.

పోలికార్పో బూటు తొడుక్కోవడం మానేశాడు.

“శుభోదయం డోన్! సురాకాకి ఏ దారి?”

“శుభోదయం డోక్తోరా.” రాజధాని వాలకం కనిపిస్తే ఆ కొండల్లో డాక్టరు కానివాడు ఉండడు. “ఆ హ్యాండిలు మీద మినుకు మినుకుమంటోందే, అదేంటండీ తమరిది?”

ఆ కొండల్లో ఎవర్నైనా తమరనే అంటారు. పెళ్ళాన్నీ, దూడనీ, దొంగనీ.

“ఇదా? మేం ఎక్కడున్నామో, ఎంత ఎత్తెక్కామో, ఎటు నుంచి వచ్చామో అన్నీ రాసుకుంటుంది.”

“రాసుకుని?”

“దాచిపెడుతుంది.”

“ఎవరికోసం?”

“అందరికోసం!” అని ఆవిడ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

తన పాతికేళ్ళ అనుభవంలో ఇంత నిస్సిగ్గుగా నేరం ఒప్పుకున్న మనిషిని పోలికార్పో చూడలేదు. పక్కనున్నతను అరటిపండు ఇవ్వబోయాడు. తీసుకోలేదు.

“ఎడమకి వెళ్ళండి,” అన్నాడు తాపీగా. “కొంచెం ఎక్కుడు. ఆ తర్వాతంతా దిగుడే.”

“ఎంత దూరం?”

“ఎంతో దూరం లేదు. ఆ మలుపు తిరిగితే అదిగో, అక్కడే.”

“చాలా సంతోషం డోన్. తమరి పేరు?”

మర్యాదగా అడిగితే పేరు చెప్పాలని తల్లి నేర్పింది, చెప్పేశాడు. నెమేసియో పేరు చెప్పి ఉండాల్సింది కదా అన్న తెలివి వాళ్ళు మలుపు తిరిగాక వచ్చింది.

ఇంటికెళ్ళి భార్య ఎతెల్వీనాతో, “ముగ్గురు ఇంజనీర్లని సాగనంపాను,” అన్నాడు.

“ఎటు?”

“పైకి.”

ఎతెల్వీనా కిటికీలోంచి గట్టు కేసి చూసింది. మబ్బు అప్పుడే దాని మెడ దాకా దిగింది. “అయ్యో దేవుడా, వాళ్ళకీ అమ్మలుంటారు కదండీ,” అని గుండెల మీద సిలువ గీసుకుంది.

ఆ మాట ముల్లులా దిగింది. ఆ కొండల్లో పొరుగువాడి ఉల్లినారు పీక్కోవచ్చు, పొలం గట్టు జరుపుకోవచ్చు, ఈస్టరుకి ఫాదరు దగ్గర చెప్పుకుంటే పోతాయి. దారి అడిగిన బాటసారిని తప్పుదారి పట్టించడం మాత్రం పాపాల్లోకెల్లా నీచ పాపం. అందుకే పోలికార్పో ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫాదరుకి కూడా చెప్పలేదు. ఆయన సురాకా మనిషి, ఎవరితో ఏమంటాడో తెలీదు.

మూడు వారాలకి పదకొండు సైకిళ్ళు వచ్చాయి. తర్వాతి ఆదివారం పద్దెనిమిది. పోలికార్పో అబద్ధం సిద్ధం చేసుకుని కూర్చునే లోపలే వాళ్ళంతట వాళ్ళు ఎడమకి తిరిగిపోతున్నారు. మోసగాడికి ఇంతకంటే అవమానం ఉండదు. పైగా కొందరు ఆగి, “తమరేనా డోన్ పోలికార్పో? ఒక్క ఫోటో!” అంటున్నారు. ఆయన టోపీ ముక్కు దాకా లాక్కునేవాడు. దేశమంతటా ముక్కు కింది భాగం మాత్రమే ప్రసిద్ధి చెందింది.

తప్పుదారికి పంపితే తిట్టాలి. తిట్టకుండా దండం పెడుతున్నారంటే లోపల ఏదో ఉంది. ఆయన వారం రోజులు నిద్ర మానుకుని ఆలోచించాడు గానీ అదేమిటో తేలలేదు.

ఊరివాళ్ళకి మాత్రం తేలింది.

నీటి సంఘానికి అధ్యక్షురాలు డోన్యా సతూరియా. ఊళ్ళో ఒకే ఒక్క కొట్టు కూడా ఆవిడదే కాబట్టి కార్యనిర్వాహక వర్గం బియ్యం బస్తాల మీద కూర్చుంటుంది. ఒక రోజు నెమేసియో గట్టు దిగొచ్చి తన కూతురి ఫోను ఆవిడ ముందు పెట్టాడు.

“చదవండి డోన్యా. నాకు కళ్ళజోడు లేదు.”

సతూరియా గొంతు సవరించుకుని చదివింది: “‘డోన్ పోలికార్పో బాట. ముప్పై నాలుగు కిలోమీటర్లు. నరకం. ఊపిరితిత్తులు గట్టు మీదే వదిలేసి వచ్చాను. ఐదు నక్షత్రాలు. తప్పక వెళ్ళండి.’”

“విన్నారా? ఆయన పేరే! బాట మొత్తం ఆయన పేరునే రాసిచ్చేశారు!”

“గీత ఎక్కడి నుంచి పోతోంది?” అని సతూరియా తెర మీద వేలు పెట్టింది. ఆవిడ బొటనవేలు కింద సగం కొండ కనిపించకుండా పోయింది. మిగిలిన సగంలో ఎర్ర గీత మూడు బండల దగ్గర మెలిక తిరిగి, ఊట ఉండాల్సిన చోటికి చుట్టం చూపుగా వెళ్తున్నట్టే కనబడింది.

“తమరి ఇంటి ముందు నుంచే కదా వెళ్తున్నారు వీళ్ళంతా? తమరు బెల్లం నీళ్ళు అమ్ముతున్నారటగా?” అంది ఆవిడ.

“అమ్ముతున్నానండీ! అందుకే కదా భయం! చచ్చేంత దాహంతో వస్తారు, రొట్టెలు పెనం మీంచే లాక్కుంటారు. పిల్ల బాప్తిస్మం అయ్యాక నా గుమ్మం తొక్కని మనిషి డోన్యా, నాకెందుకు బేరాలు పంపిస్తాడు? నా నోరు మూయించడానికి కాకపోతే?”

ఈ తర్కంలో లోపం కనిపెట్టగల వాడు తోబాకాలో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడే ముద్దాయి. నెలాఖరు ఆదివారం ఊరంతా కలిసి పైపు బాగుచేసుకునే రోజు. ఇంటికొక మనిషి పారతో మూడు బండల దగ్గరికి రావాలి. ఆ రోజే పోలికార్పో చేతిలోంచి కడ్డీ తీసుకోవాలా వద్దా అన్నది ఓటు పెట్టి తేల్చేద్దామని కబురు వెళ్ళింది.

పోలికార్పో ఆ కబురు విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎదురుగా రెండే దారులు. నోరు మూసుకుంటే ఊటని అమ్ముకున్న ద్రోహి. నోరు విప్పితే బాటసారిని గట్టు ఎక్కించిన పాపి. కడ్డీ లేని తెల్లవారుజాము ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి ప్రయత్నించి, మంచం మీదే చెయ్యి గాలిలో తిప్పుతూ ఉండిపోయాడు.

“చెప్పెయ్యరాదూ?” అంది ఎతెల్వీనా.

“ఎవరికి? నెమేసియోకా? నట్టు సంగతి వాడు చెప్పాడా నాకు?”

ఆదివారం నలభై పారలూ మూడు బండల దగ్గర పోగయ్యాయి. రాళ్ళ పొయ్యి మీద బెల్లం నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ పోలికార్పో పక్కన కూర్చోలేదు. గాలి కూడా ఆయన్ని తప్పించుకుని వీస్తున్నట్టుంది.

“కడ్డీ కింద పెట్టండి డోన్ పోలికార్పో,” అంది సతూరియా. “తమరంటే మాకు గౌరవమే. గౌరవంతోనే అడుగుతున్నా. ఎంతకి అమ్మారు?”

ఆయన కడ్డీని గడ్డి మీద పెట్టాడు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

“చూశారా, మాట్లాడడు!” అన్నాడు నెమేసియో. “తప్పులేనివాడైతే తిట్టేవాడు. ఈ మనిషి నన్ను నలభై ఏళ్ళుగా తిడుతున్నాడు, ఇవాళే నోరు పడిపోయిందా?”

సరిగ్గా అప్పుడు కింది మలుపులోంచి గంట మోగింది. నాలుగు సైకిళ్ళు. ముందు తెల్ల హెల్మెట్. ఆవిడ వివియానా అని, రాజధానిలో దంతవైద్యురాలని, కాబట్టి ఈసారి నిజంగానే డోక్తోరా అని తర్వాత తెలిసింది. వీపు సంచిలోంచి ఒక చెక్క పలక బయటికి పొడుచుకొచ్చింది. ఆవిడ జనాన్ని చూసి, జనం మధ్య పోలికార్పోని చూసి, సైకిలు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది.

“డోన్ పోలికార్పో! తమరి కోసమే! ఇదంతా తమరి వల్లే కదా!”

జనంలోంచి ఒక నిట్టూర్పు లేచింది. న్యాయస్థానాల్లో సాక్షులు వ్యతిరేకంగా చెబితే ముద్దాయి మునుగుతాడు. ఇక్కడ ముద్దాయి కృతజ్ఞతలో మునిగిపోతున్నాడు. ఆవిడ పలక తీసి చూపించింది. ‘డోన్ పోలికార్పో బాట’ అని అక్షరాలు, కింద ఎడమకి బాణం గుర్తు. “ఇక్కడ పాతుకోవచ్చా?”

“డోక్తోరా,” అంది సతూరియా, “ఈయనకి తమరు ఎంతిచ్చారు?”

“ఇవ్వడమా? అరటిపండు ఇవ్వబోయాం. తీసుకోలేదు.”

“అందులో ఏముందోనని,” అన్నాడు పోలికార్పో. అదే ఆ రోజు ఆయన మొదటి మాట.

ఆ తర్వాత ఆయన టోపీ తీశాడు. భార్య కూడా పడుకునే ముందు తప్ప చూడని బట్టతల బయటపడింది.

“డోక్తోరా, నేను తమరికి అబద్ధం చెప్పాను. అది సురాకా దారి కాదు. అంటే దారే గానీ, మనుషులు పోయే దారి కాదు. కొంచెం ఎక్కుడు అన్నాను. పదకొండు కిలోమీటర్లు ఎక్కుడు. తమరు గట్టు మీద కూలబడి, వెనక్కి పోయి, మళ్ళీ ఈ ఛాయలకి రాకూడదని పంపించాను. ఊరందరి ముందూ చెబుతున్నాను. క్షమించమని అడగను, తమరు క్షమిస్తే ఎందుకు క్షమించారా అని ఆలోచించాల్సి వస్తుంది.”

నెమేసియో ఆ బట్టతల కేసి చూశాడు, అందులో ఇంకేం దాచాడోనని.

వివియానా పడీ పడీ నవ్వింది. “రెండో మలుపులోనే తెలిసిపోయింది డోన్! ఆ కంకర చూడగానే అనుకున్నాం, ఎవర్నైనా వదిలించుకోడానికి తప్ప ఈ దారిన మనిషిని పంపరని. అందుకే కదా అంత బాగుంది! మేం ఆదివారాలు వెతుక్కునేదే ఇలాంటి దారులు.” నవ్వు ఆపి కళ్ళు తుడుచుకుంది. “అయినా ఆ రోజే ఒకటి గమనించాను. తమరు చెయ్యి ఎడమకి చూపించారు, కళ్ళు మాత్రం కుడివైపే ఉన్నాయి. కుడివైపు ఏముంది?”

నలభై మంది ఆకాశం కేసి, బూట్ల కేసి, పారల కేసి చూశారు. కుడివైపు తప్ప మిగతా సృష్టి అంతా వాళ్ళకి ఆ క్షణంలో ఎంతో ఆసక్తికరంగా తోచింది.

“కుడివైపా?” అంది సతూరియా. చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి. “కుడివైపేం లేదండీ. దారి తెగిపోయింది. కొండచరియ.”

“ఎద్దుంది,” అన్నాడు నెమేసియో. “పొడుస్తుంది.”

“రెండెద్దులు,” అన్నారు వెనకనుంచి.

“పాములు!” అందొక ముసలావిడ. అంత ఎత్తులో, అంత చలిలో పాము కనబడితే చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి బస్సులు కట్టించుకుని వస్తారు.

“తమరు ఎడమకే వెళ్ళండి డోక్తోరా. కొంచెం ఎక్కుడు,” అంది సతూరియా చెయ్యి చాచి.

“తర్వాతంతా దిగుడే,” అన్నాడు నెమేసియో.

నలభై చేతులూ గట్టు కేసి లేచాయి.

వివియానా ఆ చేతుల్ని ఒక చివర నుంచి రెండో చివర దాకా చూసింది. “ఎద్దులూ పాములూనా. సరే. మ్యాపులో రాసి పెడతాను, కుడివైపు ఎవరూ వెళ్ళొద్దని.” పలకని మూడు బండల పక్కన పాతి, బెల్లం నీళ్ళు ఒక గ్లాసు తాగి, ఎడమకి ఎక్కిపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం పోలికార్పోకి బొత్తిగా నచ్చలేదు.

సైకిళ్ళు కనుమరుగయ్యేదాకా ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి సతూరియా వంగి కడ్డీ తీసి, గడ్డి దులిపి, పోలికార్పో ముందు పెట్టింది.

“పట్టుకోండి.”

“ఊరికే పట్టుకోను. ఓటు పెట్టండి. తీసుకునేటప్పుడు ఓటన్నారు, ఇచ్చేటప్పుడు జాలా?”

“అబ్బ, ఏం మనిషండీ తమరు! సరే. కడ్డీ ఈయన దగ్గరే ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి.”

ఎత్తారు. పోలికార్పో ఒక్కొక్క చేతినీ, దాని కింద మొహాన్నీ పరిశీలించి మరీ కడ్డీ అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా అందరూ కలిసి పైపు చుట్టూ మట్టి తవ్వారు. ఎవరో ఆయనకి రొట్టెలో పెద్ద ముక్క ఇచ్చారు. ఆయన దాన్ని తిరగేసి చూసి తిన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎతెల్వీనా గడప మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. కడ్డీ చూసింది, కళ్ళు తుడుచుకుంది.

“ఇచ్చేశారన్నమాట. దేవుడున్నాడు.”

“అందరూ ఎత్తారు,” అన్నాడు పోలికార్పో, పక్కన కూర్చుంటూ.

“మంచిదే కదా.”

“అందరూ. నలభై మందీ. ఈ ఊరు ఇవాళ వానొచ్చిందా రాలేదా అన్నదాని మీద కూడా ఒక్క మాట మీద నిలబడలేదు ఎప్పుడూ.”

“తమరి నిజాయితీ చూసి ఎత్తి ఉంటారు.”

“నెమేసియో కూడా ఎత్తాడు.”

ఎతెల్వీనా కత్తి ఆగింది. “ఏ చెయ్యి?”

“రెండూ.”

ఆవిడ చెక్కు తీస్తున్న దుంపని తిరిగి బుట్టలో పడేసింది. కాసేపు గట్టు కేసి చూసింది. నెమేసియో ఇంటి పొగ మామూలు కంటే లావుగా లేస్తోంది.

“రెండు చేతులెందుకండీ?” అంది నెమ్మదిగా. “ఒకటి సరిపోతుందిగా.”

“అదే నేనూ అనుకుంటూ వచ్చాను.”

“భోంచేసి గట్టెక్కుతారా, ఇప్పుడే ఎక్కుతారా?”

పోలికార్పో అప్పటికే రువానా మళ్ళీ భుజాన వేసుకుంటున్నాడు.